ఎవరి తాలూకు?



మన ఊరి పాత కరణంగారి పేరు ఆహ్వానపత్రికలో అచ్చయింది కాబట్టి నేను మళ్ళీ చెప్పను. మైకులో తన పేరు వినబడితే ముఖం చిట్లించుకునే మనిషి. ఊరంతా పిలిచినట్టే నేనూ కరణంగారు అంటాను.

1984 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దు చేసింది. ఆయన దస్త్రాలు మూటగట్టి అప్పగించి, రసీదు తీసుకుని, ఇంటికొచ్చి స్నానం చేశారట. మర్నాటి నుంచి ఆయన ఇంటి అరుగు మీదికి వచ్చే మనుషులు మాత్రం తగ్గలేదు. వారసత్వం తగాదాలవాళ్ళు వచ్చేవారు. పిల్లకి సంబంధం చూస్తూ అవతలి ఇంటి పుట్టుపూర్వోత్తరాలు అడిగేవాళ్ళు వచ్చేవారు. రానురాను దూరదేశాల నుంచి తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళూ మొదలయ్యారు. నేను అప్పుడు రెవెన్యూ రికార్డు రూములో గుమాస్తాని. వారమంతా కాగితాల మధ్య ఉండి, ఆదివారం ఆయన అరుగెక్కేవాణ్ణి. కాగితం చదవడం నాకు ఉద్యోగం నేర్పింది. దాన్ని ఎంతవరకు నమ్మాలో ఆయన నేర్పారు.

పాతికేళ్ళ కిందటి సంగతి. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. భర్త ముత్తాత ఓడెక్కి వెళ్ళిన మనిషి. వీళ్ళకి తెలుగు రాదు. చేతిలో ఒక పాత రిజిస్టరు పుట నకలు. కరణంగారు అలవాటుగా, "ఎవరి తాలూకండీ మీరు?" అని అడిగారు. నేను తర్జుమా చేసేలోపే ఆ వచ్చినాయనకి అందులో ఒక్క మాట అందింది. కాగితం ఇటు తిప్పి, తాలూకా అని రాసున్న గడి మీద వేలు పెట్టాడు. అరుగు మీదున్నవాళ్ళం నవ్వాం. కరణంగారు నవ్వలేదు. "ఆయన చెప్పింది తప్పు కాదు బాబూ. కాగితానికి తెలిసిన తాలూకు అదే" అన్నారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. తాలూకు అనేది అరబ్బీ నుంచి మనలో కలిసిపోయిన మాట. సంబంధం అని దాని అర్థం. పెళ్ళిపందిట్లో మగపెళ్ళివారి తాలూకు, ఆడపెళ్ళివారి తాలూకు అంటాం. అదే మాటని సర్కారు తీసుకుని భూమికి హద్దుగా పెట్టుకుంది. కాగితం మనిషిని ఏ తాలూకా అని అడుగుతుంది. ఊరు ఎవరి తాలూకు అని అడుగుతుంది. పూర్వీకులను వెతికేవాడికి ఈ రెండు ప్రశ్నలూ కావాలి. ఒకదాని జవాబుని రెండోదాని గడిలో రాయకుండా ఉండే జాగ్రత్త అంతకన్నా ఎక్కువ కావాలి.

ముందు కాగితం సంగతి. సర్కారు ఎవరి పేరూ ఊరికే రాయదు. పన్ను కావాలి, లేదా కూలి కావాలి, లేదా అనుమానం తీరాలి. కాబట్టి పూర్వీకుడి పేరు వెతికేముందు, ఆయనతో సర్కారుకి ఏం పని పడిందో ఆలోచించాలి.

భూమి ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా మాన్యాలు ఉన్నవాళ్ళకి, మద్రాసు రాజధానిలో అన్నిటికన్నా పెద్ద గని ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఊరూరా ప్రతి మాన్యాన్ని విచారించారు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు, వాళ్ళకీ మొదటివాళ్ళకీ సంబంధమేమిటి అని గడులు గీసి నింపారు. యాభయ్యేళ్ళ అనుభవం రుజువైతే మాన్యం నిలుస్తుందన్నారు. దాంతో జనం తాతల పేర్లు వరుసపెట్టి చెప్పారు. ఆ పుటల్లో అగ్రహారీకులే ఉంటారనుకోకండి. తలారి, నీరటికాడు, వెట్టి, చాకలి, మంగలి, కుమ్మరి మాన్యాలున్నాయి. గుడి భోగం మాన్యాల దగ్గర తల్లి తర్వాత కూతురు, ఆడపేర్లే వరుసగా కనిపిస్తాయి. తండ్రి పేరుతో నడిచే మన దస్త్రాల్లో ఆడవాళ్ళ పరంపర కాగితమెక్కిన అరుదైన చోటు అది.

జమీందారీ ఊళ్ళవాళ్ళకి ఈ అదృష్టం తక్కువ. 1802 శాశ్వత శిస్తుతో సర్కారుకి లెక్క జమీందారుతోనే తేలిపోయింది. రైతు పేరుతో దానికి పని లేకపోయింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే చాలా ఊళ్ళలో రైతు సర్కారు పుస్తకంలోకి నేరుగా వచ్చాడు. మీ తాత పేరు దొరకలేదంటే ఆయన అక్కడ లేడని కాదు. ఆయన శిస్తు ఇంకొకరి పేరు కింద చేరింది, అంతే.

తెలంగాణలో దారి వేరు. 1884లో నిజాం ప్రభుత్వం ఫారసీ బదులు ఉర్దూని అధికార భాష చేసింది. భూసర్వే దస్త్రాలైన సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి. మన తాత పేరు ఆ లిపిలోకి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వచ్చేసరికి కాస్త వంకర తిరుగుతుంది. అక్కడ వెతికేవాళ్ళు 1954–55 ఖాస్రా పహాణీ అనే భూమి లెక్క దగ్గర ఆగితీరాలి. పట్టాదారు గడిలో దొర పేరుంటే అక్కడితో పుస్తకం మూసేయకండి. పొలం ఎవరి చేతిలో ఉందో రాసిన గడి వేరే ఉంది. మన మనిషి ఆ గడిలో ఉండొచ్చు.

భూమి లేనివాళ్ళ సంగతేమిటి? వాళ్ళకి సర్కారు దగ్గర కన్నా మిషన్ల దగ్గర పేరు దొరుకుతుంది. ధాత కరువు వెళ్ళిన ఏడు, 1878 జులై 3న, ఒంగోలు ప్రాంతంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఏ అడంగల్లోనూ చోటు లేనివాళ్ళ పేరుని చర్చి రిజిస్టరు రాసుకుంది. కోస్తాలో, నెల్లూరులో ఎన్నో దళిత కుటుంబాలకి మొదటి లిఖితాధారం అదే.

ఇంకొన్ని కుటుంబాలని సర్కారు మరీ శ్రద్ధగా రాసుకుంది. నేరస్థ తెగల చట్టం కింద. 1871లో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చి, 1952లో దేశమంతటా రద్దయింది. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఎరుకల కుటుంబాల పేర్లు రాశారు, హాజరు వేశారు. చట్టం వేలిముద్రలు కూడా తీసుకోవచ్చంది. వంశంలో ముందుతరం మనిషి వేలిముద్ర కళ్ళారా చూసే అవకాశం మనలో చాలామందికి లేదు. ఆ అవకాశం ఉన్నవాళ్ళకి ఆ ముద్ర ఏ పుస్తకంలో ఉందో చూడండి. కాగితం ఇచ్చిన ప్రతి పేరునీ పండగలా తీసుకోలేం.

ఇక ఓడల కాగితాలు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా ఆ రేవు ఉన్న నేటాలుకి లక్షన్నర మందికి పైగా కూలీలు వెళ్ళారు. అందులో ఎక్కువ భాగం మద్రాసు రేవు నుంచే. ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. పారిపోతే పట్టుకోవడానికి రాసిన పుట్టుమచ్చ, మూడు తరాల తర్వాత మునిమనవడికి ముత్తాత రూపంలో మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు.

కానీ ఆ రిజిస్టర్లలో ఊరి పేరు ఒకరు పలికారు, వేరొకరు విన్నారు, ఇంకొక భాషలో రాశారు. ఇంటిపేరు గడి లేదు. కులబిరుదు గాని, తండ్రి పేరు గాని అవతలి ఒడ్డున ఇంటిపేరై కూర్చుంది. దక్షిణాఫ్రికాలో వేల కుటుంబాలకి నాయుడు అనేదే ఇంటిపేరు. అక్కడి నుంచి మన ఊళ్ళకి దారి కట్టాలంటే కాగితం ఒక్కటే చాలదు. ఊరు తెలిసిన మనిషి కావాలి.

ఊరికి తెలిసినవాటిలో మొదటిది పేర్లు. అవి ఏం చెప్తాయో కరణంగారు ఒక ఆటలా చూపించేవారు. పాత పేర్ల జాబితా ఒకటి ముందు పెట్టి, ఊరి పేరు చేత్తో మూసి, "ఎక్కడివాళ్ళో చెప్పు" అనేవారు. అప్పలసామి, అప్పలనరసమ్మ, సింహాచలం అంటే సింహాద్రి అప్పన్న నీడ పడే ఊళ్ళు. పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం వైపు. కోటయ్యలు కోటప్పకొండ చుట్టూ. మస్తానయ్య, మస్తానమ్మ గుంటూరు, నెల్లూరు వైపు దర్గాకి మొక్కుకుని పుట్టినవాళ్ళు. వాళ్ళు హిందువులూ కావచ్చు, ముస్లింలూ కావచ్చు. పెంచలయ్య నెల్లూరు పెంచలకోన, మాలకొండయ్య మాలకొండ. ఓబులేసు అహోబిలం, మద్దిలేటి కర్నూలు వైపు. యాదగిరి, యాదయ్య అంటే గుట్ట నరసింహస్వామి. రాజన్న వేములవాడ. కొమురయ్య కొమురవెల్లి మల్లన్న. ఏ బిడ్డకైనా పేరు పెట్టేది దగ్గరి దేవుడికి మొక్కిన తల్లి. అందుకే రిజిస్టరులో జిల్లా గడి చిరిగిపోయినా పేరు గడిలోనే సగం జిల్లా ఉంటుంది.

రెండోది, తాత పేరు మనవడికి పెట్టే ఆచారం. ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. ఇది వెతికేవాడికి దారిదీపం, మోసం కూడా. రెండు పత్రాల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు కనబడితే ఒకే మనిషి అనుకుంటాం. వాళ్ళు తాతా మనవళ్ళు. అందుకే కరణంగారు ఎప్పుడూ పక్క గడి చూడమనేవారు. దస్తావేజులో మన మనిషి పేరు కన్నా హద్దుల్లో ఉన్న నాలుగు పేర్లు, కింద సాక్షుల పేర్లు ముఖ్యమని ఆయన లెక్క. సాక్షి ఎవరో తేలితే కాలం తేలుతుంది.

మూడోది, వంశం చెప్పడమే వృత్తిగా బతికినవాళ్ళు. పిచ్చుకుంట్లవాళ్ళని ఇప్పుడు ప్రభుత్వ జాబితాల్లో వంశరాజ్ అంటున్నారు. కల్లాల వేళ రెడ్డి, కాపు ఇళ్ళ ముందు నిలబడి గోత్రాలు, ఇంటిపేర్లు, పూర్వీకుల కథలు చెప్పేవాళ్ళు. భట్రాజులు దొరల వంశాలు చదివారు. పద్మశాలీలకి కూనపులివాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు, గొల్లలకి మందహెచ్చువాళ్ళు, విశ్వబ్రాహ్మణులకి రుంజవాళ్ళు, ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు. వీళ్ళలో కొందరు పటం విప్పి, బొమ్మ చూపిస్తూ, రాత్రంతా కుల పురాణం చెప్తారు. ఏ గ్రామం ఎవరిదో వాళ్ళలో వాళ్ళకి మిరాసీ హక్కు పంపకముంది. ఒక కుటుంబం వలసపోతే ఎటు పోయిందో వాళ్ళకి తెలియాలి, ఎందుకంటే వాళ్ళ గింజలు కూడా అటే పోయాయి. వంశవృక్షం రాసుకోవడానికి మనం లక్షలు ఖర్చుపెడతాం గాని, గుమ్మం ముందుకు వచ్చి చెప్పినవాళ్ళని బిచ్చగాళ్ళన్నాం.

నాలుగోది, కర్మకాండ. తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి. వాళ్ళ భార్యల పేర్లు కూడా. మూడు తరాలు అలా నోట్లో నిలుస్తాయి. నాలుగో తరం నోట్లోంచి జారిపోతుంది. తద్దినాలు లేని ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టి తలుచుకునే పేర్లున్నాయి. పొలం గట్టున పేరంటాలు గుడి ఉంటే, ఆమె ఎవరింటి ఆడపడుచో అడగండి. దేవతయ్యాక మాత్రమే ఊరు పేరు గుర్తుపెట్టుకున్న ఆడమనిషి ఆమె.

ఆడవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మనం వంశవృక్షం అంటాం గాని, మన కుటుంబాలకి చెట్టు బొమ్మ సరిపోదు. మేనమామని చేసుకున్న మేనకోడలుంటుంది, మేనబావని చేసుకున్న మరదలుంటుంది. కొమ్మలు విడిపోయి మళ్ళీ కలుస్తుంటాయి. ఎనిమిది మంది ముత్తాతలూ ముత్తవ్వలూ ఉండాల్సిన చోట లెక్కిస్తే ఆరుగురే తేలతారు. ఇది పందిరి మీద బచ్చలి తీగ అల్లిక. ఏ తీగ ఎక్కడ మెలి తిరిగిందో కాగితం చెప్పదు. ఇంట్లో ముసలమ్మ చెప్తుంది. ఆమెని ముందు అడగండి. ఆర్కైవ్సు వచ్చే ఏడు కూడా ఉంటుంది.

ఇంతవరకు కాగితానికీ ఊరికీ చెరొక దండ వేశాను. రెండూ అబద్ధమాడతాయని కూడా చెప్పాలి.

ఇనాం విచారణకి వచ్చినవాడు భూమి నిలుపుకోవడానికి వచ్చాడు. కావాల్సిన చోట ఒక తరం కలుపుతాడు, దత్తతని కన్నకొడుకు చేస్తాడు. వంశం పాడే మనిషి తవ్వెడు గింజలు ఎక్కువ పెట్టిన ఇంటికి ఒక రాజుని ఎక్కువ కలుపుతాడు. కరణం కలం కూడా తక్కువది కాదు. ఎందరి పొలాలో ఆ గొలుసుకట్టు రాతలో అటూ ఇటూ మారాయని ఆయనే ఒప్పుకునేవారు. "మా వాళ్ళ దస్తూరీ అందంగా ఉంటే ఇంకొంచెం అనుమానించు" అనేవారు. రెండు వందల ఏళ్ళ కిందట కర్నల్ మెకంజీ కోసం ఏలూరు కావలి సోదరులు, వాళ్ళ సహాయకులు ఊరూరా తిరిగి, కరణాల దండకవిలెలు చూసి, కైఫీయతులు రాయించారు. ఊళ్ళ చరిత్రకి అవి బంగారం. కానీ వాటిలోనూ మాట్లాడింది ఎక్కువగా దస్త్రం చేతిలో ఉన్నవాళ్ళే.

వీళ్ళందరి అబద్ధాల కన్నా నా తెలివితక్కువ అబద్ధం ఒకటుంది. మా ఇంట్లో, "ముత్తాత నందనలో ఈ ఊరొచ్చాడు" అనేవారు. నందన అనగానే నాకు 1832–33 గుంటూరు నందన కరువు గుర్తొచ్చింది. కరువుకి తట్టుకోలేక నడిచొచ్చిన ముత్తాతని ఊహించుకుని నాలుగు పేజీలు రాసి, ఎంతో గర్వంగా కరణంగారికి చూపించాను. ఆయన చదివి, "కరువని మీ ఇంట్లో ఎవరన్నారు?" అని అడిగారు. ఎవరూ అనలేదు. నేనే అతికించాను. మన సంవత్సరాలు అరవయ్యేళ్ళకోసారి తిరిగొస్తాయి. నందన 1832లో వచ్చింది, 1892లోనూ వచ్చింది. ముత్తాత సాక్షి సంతకం చేసిన దస్తావేజు 1921ది. 1832లో నడిచొచ్చిన మనిషి 1921లో సంతకం చెయ్యడు. వచ్చింది 1892లో, అత్తవారి ఊరని. కరువు లేదు, నడక లేదు. ఇల్లరికం.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఇంట్లోవాళ్ళు చెప్పిన ఏడుకి మొదట అరవై కలిపి చూస్తాను, తర్వాత తీసి చూస్తాను. కోస్తా దస్త్రంలో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలుపుతాను. అక్కడ ఫసలీ జులైలో మొదలవుతుంది. నిజాం ఫసలీ అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఈ మూడు నెలల తేడా పట్టించుకోకపోతే చనిపోయిన తండ్రే పట్టా చేయించుకున్నట్టు తేలుతుంది.

డర్బన్ వాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి చాలాసేపయింది. వాళ్ళ దగ్గరికి వెళ్దాం.

కాగితంలో ముత్తాతది అప్పన్న పేరే. సింహాచలం వైపు ఊరికి పదిమంది ఉండే పేరు. ఊరు గడిలో ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే కొత్తవలస అని వచ్చింది. ఉత్తరాంధ్రలో వలస అని ముగిసే ఊళ్ళు ఎన్నో, అందులో కొత్తవలసలు ఎన్నో. వలస అనే పేరున్న ఊరి నుంచే వలస పోయాడన్నమాట. తాలూకా గడి ఉండబట్టి రెండు ఊళ్ళు మిగిలాయి. రెండూ జమీందారీవే. ఆ కాలపు రైతుల పేర్లు సర్కారు పుస్తకంలో లేవు. రికార్డు రూము మనిషిగా నా పని అక్కడితో అయిపోయింది.

కరణంగారు కర్ర తీసుకుని లేచారు. రెండు ఊళ్ళలోనూ ఆయన ఎవరినీ నేటాలు గురించి అడగలేదు. "మీ ఇళ్ళలో రంగం వెళ్ళి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర ఊళ్ళకి సముద్రం దాటిన ప్రతివాడూ రంగం వెళ్ళినవాడే. రెండో ఊళ్ళో ఒక ముసలమ్మ అంది: "మా మామగారి చిన్నాన్న ఉండీవోడంట. రంగమెలిపోనాడు. మరి రానేదు." ఆ ఇంట్లో సంక్రాంతికి పెద్దలకి పెట్టుకునేటప్పుడు ఒక విస్తరి ఎక్కువ వేస్తారు. చచ్చిపోయాడో లేదో తెలియని మనిషికి. ఎవరికోసమో ఆమెకి పేరు తెలియదు. అత్తగారు వేశారు కాబట్టి వేస్తోంది. కాగితంలో తండ్రి పేరు గడిలో ఉన్న పేరు, ఆ ఇంట్లో తరం విడిచి తరం వస్తోంది. ఆమె పెద్దకొడుకుదీ అదే పేరు.

దేశం విషయంలో నోటిమాట తప్పింది. ఊరి విషయంలో కాగితం తేల్చలేకపోయింది. రెండూ కలిస్తే ఒక ఇంటి గుమ్మం దాకా వచ్చాం. డర్బన్ నుంచి వచ్చినావిడ అప్పటికే ముసలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె భర్త నన్ను, "ఇదేనా మా ఇల్లు?" అని అడిగాడు. అవునని చెప్పమని నా మనసు చెప్తోంది. కరణంగారి వైపు చూశాను.

ఆయన ఒక తెల్ల కాగితం అడిగి తీసుకున్నారు. దాన్ని మూడు వరసలుగా మడిచి విప్పి, మొదటి వరసలో కాగితం చెప్పింది రాశారు: నంబరు, పేరు, తండ్రి పేరు, తాలూకా. రెండో వరసలో ఊరు చెప్పింది రాశారు: రంగం, విస్తరి, తరం విడిచి వచ్చే పేరు, చెప్పినావిడ వేలిముద్ర. మూడో వరసలో, "ఈ రెండూ ఒకే మనిషివని నేను అనుకుంటున్నాను" అని రాశారు. ఆ వాక్యాన్ని నా చేత ఇంగ్లీషులో చెప్పించి, అనుకుంటున్నాను అన్న మాట రెండుసార్లు చెప్పించారు.

సంతకం మూడో వరస కింద మాత్రమే పెట్టారు.